రిలీవరు వచ్చేదాకా

నా మీద ఉన్నన్ని రిపోర్టులు పేరుమోసిన దొంగ మీద కూడా ఉండవు. రాసింది మా మామగారు. ఉద్యోగం చేసినంతకాలం ఆయన పోలీస్ స్టేషన్లో రైటరు. పట్టుకునేవాళ్ళు పట్టుకొస్తే, ఎక్కడ దొరికాడో, ఎలా దొరికాడో, దొరికినప్పుడు జేబులో ఏముందో కాగితం మీద పెట్టేది ఆయన. రిటైరయ్యాక దొంగలు దూరమయ్యారు గానీ పెన్ను దూరం కాలేదు. ఇంట్లో పొద్దస్తమానం కళ్ళెదుట తిరిగేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ యోగం నాకు పట్టింది.

"ఉదయం ఏడు గంటలు. కోడలు టీ తెచ్చింది. టీ చల్లగా ఉన్నది. కారణం విచారించగా ఫోన్ వచ్చిందని చెప్పింది. ఫోన్ మోగిన శబ్దం నేను వినలేదు."

ఇలా ఉంటాయి. చదివి నవ్వుకుని టీ మళ్ళీ వేడిచేసి ఇచ్చేదాన్ని. ఫోన్ నిజంగానే రాలేదు.

ఒకరోజు నోట్‌బుక్‌లో "కోడలు స్టవ్ మీద గిన్నె పెట్టిన శబ్దం పక్కగదిలోకి వినపడింది" అని ఉంది.

"కోడలికి కోపమొచ్చింది అని ఒక్క ముక్క రాస్తే పోయేదిగా మామయ్యగారూ, ఇంత చుట్టుతిరుగుడెందుకు?" అన్నాను.

"కోపం నాకు కనపడదమ్మా. గిన్నె కనపడుతుంది. చూసింది రాయాలి, విన్నది రాయాలి. అనుకున్నది రాయకూడదు. అనుకున్నది రాస్తే రేపు కోర్టులో లాయరు నవ్వుతాడు."

"మన వంటింటి కేసు కోర్టుదాకా పోదులెండి."

"అన్నీ ఇలాగే మొదలవుతాయి," అని పెన్ను మూత పెట్టుకున్నారు.

ఈమధ్య ఆయన జ్ఞాపకంలోంచి మనుషులు చెరిగిపోతున్నారు. ముందు పక్కింటివాళ్ళు పోయారు. తర్వాత చుట్టాలు పోయారు, అందులో మాకూ కొంత సుఖం లేకపోలేదు. ఆ తర్వాత కొడుకు. మా ఆయన ఎదురుగా నిలబడి "నాన్నా" అంటే "ఏ స్టేషనయ్యా మీది?" అని అడుగుతారు. నేను కొన్నిరోజులు "అమ్మా", కొన్నిరోజులు "ఎవరమ్మా మీరు". చెరగనిది ఒక్క డ్యూటీ. భోజనం చేశారో లేదో గుర్తుండదు గానీ, ఘటనా స్థలానికి మొదట చేరినవాడు ఏం చేయాలో నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతారు.

ఆరోజు పొద్దున ఆయనకు షుగర్ ఇంజెక్షన్ ఇచ్చింది నేనే. ఇచ్చాక కాసేపట్లో తినాలి. తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. ముందు చెమట, తర్వాత వణుకు, తర్వాత మాట ముద్దవడం, ఆపైన మనిషి పడిపోవడం. డాక్టరు చెప్పిన ఈ వరస ఫ్రిజ్ తలుపు మీద అంటించి పెట్టాను. రోజూ పాలు తీసేటప్పుడల్లా చదివి చదివి నోటికొచ్చింది.

రొట్టె కాల్చి, గుడ్డు ఒలిచి ప్లేటు పట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీ. నోట్‌బుక్ లేదు, పెన్ను లేదు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గొళ్ళెం వేశాననే అనుకున్నాను. అనుకున్నది రాయకూడదని అందుకే అంటారు కాబోలు.

ప్లేటు చేతిలో పట్టుకునే వీధిలోకి పరిగెత్తాను. కుడివైపు చివరిదాకా, ఎడమవైపు చివరిదాకా. మందుల షాపు, పార్కు, బస్‌స్టాపు. గుడ్డు ఎక్కడ పడిపోయిందో తెలియదు. ఆయన దగ్గర ఫోన్ ఉండదు. కొనిస్తే మర్యాదగా తిప్పి ఇచ్చేశారు, వైర్‌లెస్ సెట్టు లేనిదే పై ఆఫీసర్ల ఆర్డరు తీసుకోనన్నారు.

మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో ఫోర్‌మన్. నేను ఫోన్ చేయగానే చేతులకున్న సిరా కూడా కడుక్కోకుండా స్కూటర్ మీద వచ్చారు.

"తిన్నాడా?"

"లేదు."

"ఇంజెక్షన్?"

"ఇచ్చాను."

నన్ను ఎక్కించుకుని స్కూటర్ స్టేషన్ వైపు తిప్పారు.

స్టేషన్లో రైటరు కుర్చీలో ఇప్పుడొక కానిస్టేబులమ్మాయి కూర్చుంటోంది. ఉద్యోగంలో కొత్తలా ఉంది, బెల్టు ఇంకా మెరుస్తోంది. కంప్యూటర్లో ఒక్కో గడీ నింపుతూ అడగడం మొదలుపెట్టింది. ముందు నా వివరాలు. ఏం చేస్తారంటే గృహిణినన్నాను. ఆ మాట ఆ గడిలో పట్టలేదు. ఆ అమ్మాయి కాసేపు తంటాలుపడి "ఏదీ లేదు" అని నొక్కింది. ఇంకో రోజైతే దాని సంగతి చూసేదాన్ని.

"తప్పిపోయినాయన ఎత్తెంత సార్?"

"ఆరడుగులు," అన్నారు మా ఆయన.

"ఆరడుగులెక్కడండీ? నా భుజం దాటరు."

"మా నాన్న ఆరడుగులు!"

"మీరు మూడడుగులున్నప్పుడు."

ఆ అమ్మాయి నవ్వు దాచుకోవడానికి కీబోర్డు మీదికి వంగింది. నేను నవ్వించాలని అనలేదు. ఎవరో ఆరడుగుల మనిషి కోసం ఊరంతా వెతుకుతుంటే, నా భుజం దాటని మనిషి ఎక్కడో చెమటలు కక్కుతూ ఉంటారని ఒళ్ళు మండి అన్నాను.

"బట్టలు?"

"ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా," అని నేను చెప్పాను. అది చూసిందే. "తోలు చెప్పులు. ఎడమదాని పట్టీ తెగితే నేనే కుట్టాను. నల్లదారం లేక నీలం దారంతో."

"మానసిక పరిస్థితి?"

దీనికి జవాబు మా ఆయన చెప్పారు. "మతిస్థిమితం లేదమ్మా. ఏమీ గుర్తుండదు. దిక్కుతోచనట్టు అయోమయంగా తిరుగుతుంటాడు. చూస్తేనే తెలిసిపోతుంది. చిన్నపిల్లాడే అనుకో."

ఆ అమ్మాయి కళ్ళు చెమ్మగిల్లాయి. ఒక్క ముక్క వదలకుండా అన్నీ ఎక్కించింది. "పెట్రోలింగ్ వాళ్ళకీ ట్రాఫిక్ వాళ్ళకీ ఇప్పుడే సెట్‌లో చెబుతాను సార్. మీరు కూడా వెతుకుతూ ఉండండి. సంతకం మళ్ళీ వచ్చి పెడుదురుగాని."

వెతికాము. చక్కెర కలిపిన నీళ్ళ సీసా ఒకటి సంచిలో పెట్టుకుని, ఫోన్లో ఫోటో చూపిస్తూ, కొట్టుకొట్టూ ఎక్కి దిగాము. దిక్కుతోచనట్టు తిరిగే పెద్దాయన ఎవరైనా ఇటు వచ్చారా అని మా ఆయన అడగడం, లేదని వాళ్ళు తల అడ్డంగా ఊపడం. ఫోటో అయినా సరిగా చూసినవాళ్ళు తక్కువ. దిక్కుతోచని ముసలాయన అనగానే అందరి కళ్ళలోనూ ఒక ముసలాయన తయారైపోతున్నాడు, ఆ ముసలాయన వాళ్ళకు కనపడలేదు, అంతే. పెట్రోలింగ్ వాళ్ళు ఒకాయన్ని జీపెక్కించుకుని మా దగ్గరికి తెచ్చారు. ఆయన అచ్చం దిక్కుతోచనట్టే ఉన్నాడు. తప్పిపోయి కాదు, బ్యాంకు నుంచి వస్తున్నాడట.

ఎండ ముదిరింది. మనసులోంచి ఫ్రిజ్ తలుపు మీది వరస కదలడం లేదు. ఈపాటికి చెమట పట్టి ఉంటుంది. ఈపాటికి వణుకు. ఆ తర్వాతి మాట దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ మొదటికొచ్చేదాన్ని, చదవకపోతే జరగదన్నట్టు.

ఎక్కడా దొరక్క మళ్ళీ స్టేషన్‌కే వచ్చాము. మా ఆయన బల్ల మీద తల ఆనించి కూర్చున్నారు. కానిస్టేబులమ్మాయి సంతకం కోసం కాగితం తీసి, పద్ధతి ప్రకారం పైకి చదివింది.

"...సదరు వ్యక్తికి మతిస్థిమితం లేదు. అయోమయంగా, దిక్కుతోచనట్లు సంచరిస్తూ ఉంటారు. చూసిన వెంటనే గుర్తుపట్టవచ్చును..."

"ఆగమ్మా," అన్నాను.

"ఏమైంది మేడమ్?"

"అయోమయంగా ఉండటం ఎవరు చూశారు?"

మా ఆయన తల ఎత్తి నా వంక చూశారు. నాకూ మతి పోయిందేమోనని ఆయన చూపు.

"నేను చూడలేదండీ. మీరు చూశారా? ఎప్పుడైనా?" అన్నాను. "లోపల ఆయనకు అయోమయంగానే ఉంటుందేమో. అది మనం అనుకోవడం. పైకి ఏం కనపడుతుంది? ఎక్కడున్నారో తెలియనప్పుడు ఆయనేం చేస్తారు? ఎదుటివాణ్ణి నీ కాగితాలు చూపించు అంటారు. మొన్న ఆస్పత్రిలో డాక్టరు ఎవరో తెలియక, ఆ డాక్టరు చేతే లేచి నిలబడి పేరు చెప్పించారు కదా!"

"ఇప్పుడు నీ వాదనలు వినే ఓపిక నాకు లేదు..."

"అమ్మాయ్, అది కొట్టెయ్. నేను చెప్పింది రాయి. నిటారుగా నడుస్తారు. చేతిలో నోట్‌బుక్, పెన్ను ఉంటాయి. గొంతు పెద్దది. దారినపోయేవాళ్ళకు ఆర్డర్లు వేస్తూ ఉంటారు. చూస్తే పోలీసు ఆఫీసరనుకుంటారు. అంతే. ఇంకొక్క మాట కలపొద్దు. ఇదే సెట్‌లో చెప్పు."

ఆ అమ్మాయి సెట్టు అందుకుంది. చెప్పింది చెప్పినట్టు చదివింది. సెట్టు గరగరలాడింది. తర్వాత ఎవరో ట్రాఫిక్ కానిస్టేబుల్ గొంతు:

"ఆయనా? ఆయన తప్పిపోలేదమ్మా, డ్యూటీలో ఉన్నాడు! పెయింటు కొట్ల వెనక సందు. పొద్దున్నించీ బ్లాక్ చేసి పెట్టాడు. ఎవరో పెద్ద సారు మఫ్టీలో వచ్చాడనుకున్నా. నా చేత టోపీ కూడా సరిచేయించాడు!"

ఆ అమ్మాయితో కలిసి జీపులో పెయింటు కొట్ల దాకా ఎంతోసేపు పట్టలేదు. అయినా నా ప్రాణం ముందే వెళ్ళిపోయి అక్కడ నిలబడి ఎదురుచూస్తున్నట్టనిపించింది.

సందు మొదట్లోనే జనం. తోపుడుబండ్లవాళ్ళు, డబ్బాలు మోసేవాళ్ళు, ఒక కొట్టు యజమాని. సందుకు అడ్డంగా ఇటుక ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ఇంత మంది ఉండి ఆ ఇటుకలు ఒక్కరూ దాటలేదు. వాటి అవతల, నీడలేని చోట, గోడ పక్కన మామగారు. నోట్‌బుక్ ఛాతీకి ఆనించి పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు ఇంత దూరానికి తెలుస్తోంది.

చెమట. వణుకు.

సందు మధ్యలో ఇటుకముక్కతో గీసిన సున్నా. సున్నాలో ఒక చెప్పు. దాని చుట్టూ ఎండిపోయిన నెత్తురు చుక్కలు.

"నాన్నా!" అని మా ఆయన నా సంచిలోని సీసా లాక్కుని ఇటుకలు దాటారు.

"వెనక్కి! ఎవడయ్యా నువ్వు? స్పాట్ తొక్కేస్తున్నావ్!"

"నాన్నా, నేను! ముందు ఇది తాగు, తర్వాత..."

"ఇక్కడ నాన్నలూ తాతలూ ఎవరూ లేరు. వెనక్కి పొమ్మంటున్నానా!"

మా ఆయన చెయ్యి పట్టుకున్నారు. మామగారు నోట్‌బుక్కుతో ఒక్కటి వేశారు. గుంజుకోవడంలో తూలి గోడకు ఒరిగారు. జనం ఒక్కసారిగా మా ఆయన మీద పడ్డారు. డ్యూటీలో ఉన్న పెద్దాయన మీద చెయ్యేస్తావా అని ఒకడు చొక్కా పట్టుకున్నాడు. "సారుని వదులు బే!" అని వెనక నుంచి ఇంకొకడు. ఆ అమ్మాయి యూనిఫాంలో ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఒక జీపుకు ఇద్దరు పేషంట్లయ్యేవారు.

నేను ఇటుకల ఇవతలే ఆగిపోయాను. చెప్పు ఇక్కణ్ణించి బాగా కనపడుతోంది. పట్టీకి నీలం దారం.

నెత్తురు చుక్కలు ఆ చెప్పు దగ్గర మొదలై, ఒక్కొక్కటే గోడ వైపు వెళ్ళాయి. గోడ దగ్గర ఆగిపోయాయి. అవి ఆగినచోట మామగారు నిలబడి ఉన్నారు. కుడికాలికి చెప్పుంది. ఎడమకాలు ఒట్టిది. ప్యాంటు మోకాలి కింద చిరిగి, లోపల పిక్క మీది నెత్తురు నల్లగా అట్టకట్టింది.

ఇక్కడే పడ్డారన్నమాట. పడి, లేచి, పడిన సంగతి మర్చిపోయారు. తర్వాత చూస్తే ఎదురుగా చెప్పూ నెత్తురూ. మొదట చేరినవాడు ఆయనే. స్పాట్ వదిలి ఎలా వెళతారు?

"మామయ్యగారూ," అన్నాను మెల్లగా, "ఆ నీళ్ళు ఒక్క గుక్క..."

"స్పాట్‌లో తినడం, తాగడం నిషేధం. తెలియదా?" నాలుక మొద్దుబారుతోంది. 'నిషేధం' అనే మాట రెండుసార్లు మొదలుపెట్టి పూర్తిచేశారు.

మాట ముద్దవడం. ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు మీద ఒక్కటే మిగిలింది.

"పట్టుకుని బలవంతంగా పోసేద్దామక్కా," అంది ఆ అమ్మాయి నా చెవిలో. మేడమ్ నుంచి ఎప్పుడు అక్కనయ్యానో గమనించలేదు.

"పెనుగులాడతారు. గొంతులో అడ్డం పడితే?"

"మరి ఎప్పుడు వస్తారు బయటికి?"

ఎప్పుడు వస్తారో నాకు తెలుసు. ఎన్నో మధ్యాహ్నాలు బఠాణీలు ఒలుస్తూ విన్నదే. స్పాట్ వదలరాదు, డ్యూటీ అందుకునే రిలీవరు వచ్చేదాకా.

వీపు నిటారుగా పెట్టుకున్నాను. గొంతు సర్దుకున్నాను. "రిలీవర్ని వచ్చానండీ," అన్నాను.

మామగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. వంటింటి చెప్పులు, చెదిరిన జుట్టు, భుజాన కూరగాయల సంచి.

"యూనిఫాం ఏది?"

"మఫ్టీలో పంపారండీ."

ఆయన ఆలోచించారు. ఎంతసేపో ఆలోచించారు. మా ఆయన సీసా మూత తిప్పడం, మళ్ళీ బిగించడం వినపడుతోంది.

"సరే. ఛార్జి తీసుకో. గోడ వారనే రా. మధ్యలో తొక్కకు."

గోడ వారనే వెళ్ళాను. నోట్‌బుక్కూ పెన్నూ అందించారు. ముందు పేజీ ఆయన చేతివ్రాతే, కింది వరసలకు వచ్చేసరికి అక్షరాలు జారి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చదువుతూ కూర్చునే టైము లేదు.

"సంతకం ఒకటీ పెట్టేస్తానండీ, మీరు బయల్దేరండి."

"చూడకుండా సంతకమా? ఎవరు నేర్పారు నీకు? చెప్తాను, నీ చేత్తో రాయి. తోలు చెప్పు ఒకటి. ఎడమకాలిది."

రాశాను. కాలేజీలో గబగబా నోట్సు రాసుకున్న అలవాటు బతుకులో మొదటిసారి పనికొచ్చింది.

"మడమ బయటివైపు అరిగి ఉన్నది. అంటే..." ఆగారు. "అంటే వద్దు. అరిగి ఉన్నది. చాలు."

"ఊఁ."

"పట్టీకి నీలం దారం కుట్టు. కుట్టు వంకర. కుట్టినది చేయితిరిగిన మనిషి కాదు."

"ఇది చూసిందా, అనుకున్నదా అండీ?"

"వంకర చూసిందే," అన్నారు. ఆ స్థితిలోనూ నన్ను వదల్లేదు.

ఒక చేత్తో గోడ పట్టుకున్నారు. కనురెప్పలు బరువుగా వాలుతున్నాయి. నేను తొందరలో, పెద్దాయన పాపం కాలుజారి పడి ఉండవచ్చు అని రాసేశాను. ముందుకు వంగి చూశారు.

"పాపం ఎక్కడ కనపడింది నీకు?"

"పొరపాటండీ."

"కొట్టెయ్. పాపం కొట్టెయ్. ఉండవచ్చు కొట్టెయ్. నెత్తురు చుక్కలు, చెప్పు నుంచి గోడ దాకా. రాయి."

కొట్టేశాను. రాశాను. ఇటుకల అవతల మా ఆయన ఏడుస్తూ, "ఇంకెంతసేపే?" అని పెదాలతోనే అడుగుతున్నారు. ఇందాక ఆయన చొక్కా పట్టుకున్నవాడే ఇప్పుడు భుజం పట్టుకుని నిలబెట్టాడు.

"బాధితుడు స్థలంలో లేడు," అన్నారు మామగారు. మాటకూ మాటకూ మధ్య నాలుకను వెతుక్కుంటున్నారు. "పిలిచాను. చాలాసార్లు. పలకలేదు. పేరు తెలియదు."

"పేరు తెలియదు," అని రాశాను. కాగితం మసకబారింది. తుడుచుకుని మళ్ళీ పెన్ను పెట్టాను.

"వాళ్ళవాళ్ళు వెతుకుతూ ఉంటారు."

అది కూడా రాశాక గాని ఆ వాళ్ళవాళ్ళు మేమేనని నాకు తట్టలేదు. తల ఎత్తి చూశాను. ఆయన నా వంక కాదు, సున్నాలో ఉన్న చెప్పు వంక చూస్తున్నారు.

అడగకుండా ఛార్జి ఇవ్వరు. అడిగాను. "చూశారా, అనుకున్నారా?"

పెదాలు కదిలాయి. ఎవరైనా వస్తున్నారేమో అన్నట్టు సందు ఆ చివరికి చూశారు, ఈ చివరికి చూశారు. నేనున్నాను, కొడుకున్నాడు, ఇటుకల వెనక ఇంత జనం ఉంది.

"అనుకున్నాను," అన్నారు. "కొట్టెయ్."

కొట్టేసినట్టు పెన్ను ఆడించాను, కాగితానికి తగలకుండా.

సంతకం పెట్టాను. ఆయన పెన్ను తీసుకుని పక్కన తన సంతకం పెట్టబోతే అది గీత అయింది, సంతకం కాలేదు. ఉద్యోగం మొత్తంలో చదవకుండా పెట్టింది అదొక్కటే అనుకుంటాను. నేను మడమలు కలిపి సెల్యూట్ కొట్టాను. పెళ్ళయిన కొత్తలో ఆయన ఎదుట తల ఎత్తినందుకే అత్తగారు మూడురోజులు మాట్లాడలేదు. ఇది చూసి ఉంటే ఏమనేవారో.

మామగారు తిరిగి సెల్యూట్ కొట్టి, గోడ వారనే నడిచి, ఇటుకలు దాటారు. దాటిన మరుక్షణం మోకాళ్ళు వంగిపోయాయి. మా ఆయన చేతుల్లోకే పడ్డారు. సీసా పెదాలకు పెడితే, ఇప్పుడు స్పాట్‌లో లేరు కాబట్టి, తాగారు. గుటక దిగడం గొంతు మీద కనపడింది. ఇంకొకటి. ఇంకొకటి. ఎవరో కొట్లోంచి చక్కెర డబ్బానే తెచ్చేశారు. జీపులో వెనక సీట్లో పడుకోబెట్టారు.

నేను పరిగెత్తుకెళ్ళి ఎక్కబోయాను. ఆయన కళ్ళు తెరిచారు.

"మఫ్టీ! నువ్వెక్కడికి?"

జీపు వెళ్ళిపోయింది. నేను మళ్ళీ వచ్చి గోడ దగ్గర నిలబడ్డాను.

మతిలేని పనే. చెప్పు తీసి సంచిలో వేసుకుని, ఇటుకలు పక్కకు తన్ని, ఏదో ఒక ఆటో పట్టుకుని ఆస్పత్రికి పోవచ్చు. ఆయనకు రేపటికి గుర్తుండదు. సాయంత్రానికే గుర్తుండకపోవచ్చు. కానీ గుర్తుంటే? ఆ నోట్‌బుక్‌లో నా మీద చల్లటి టీ ఉంది, గిన్నె చప్పుడుంది, వంకర కుట్టుంది. స్పాట్ వదిలిపోయిందని కూడా ఎక్కించుకోవడం నాకిష్టం లేదు. అదీగాక, బతికి వచ్చి మళ్ళీ నా మీద రాస్తారనుకోవడానికి అప్పుడు నాకు వేరే ఆధారం ఏమీ లేదు.

ఎండ మాడు మీదే ఉంది. తోపుడుబండివాడు ఇటుకల దాకా వచ్చాడు.

"ఆ పెద్దసారు వెళ్ళిపోయాడుగా అమ్మా. ఇంక పోవచ్చా?"

"లేదు."

"మరి ఇప్పుడిక్కడ సారెవరు?"

"నేనే. బండి వెనక్కి తియ్."

తీశాడు. ఈ సుఖం ఇంట్లో ఎన్నడూ ఎరగను.

ఫోన్ పట్టుకుని చూస్తూ ఉన్నాను. మోగదు. మోగుతుందేమోనని భయం, మోగదేమోనని భయం. గోడ మీద చెయ్యి పెట్టిన చోటే చెయ్యి పెట్టాను. ఆయన చెమట మరక ఇంకా కనపడుతోంది.

చివరికి మోగింది. అవతల మా ఆయన. ఫోన్ చెవికి పెట్టుకునేలోపే నేను చావాల్సినంతా చచ్చాను.

"చక్కెర పైకొస్తోంది," అన్నారు. "బాటిల్ ఎక్కిస్తున్నారు. కాలికి కుట్లు పడతాయట. కళ్ళు తెరిచి మాట్లాడుతున్నాడు."

నేను గోడ వారనే కింద కూర్చున్నాను.

"వింటున్నావా? నన్ను మళ్ళీ ఏ స్టేషన్ అని అడిగాడు. స్పాట్‌లో ఎవరున్నారని అడుగుతున్నాడు. ఏం చెప్పను? నువ్వు ఇంటికి వెళ్ళిపోయావా?"

"లేదు. ఉన్నానని చెప్పండి."

"ఇంకా అక్కడే ఉన్నావా? పిచ్చిదానా!" అని, ఫోన్ కాస్త దూరంగా పెట్టి ఎవరితోనో మాట్లాడారు. వినపడింది. "ఉందట సార్. స్పాట్‌లోనే ఉందట." కన్నతండ్రిని సార్ అన్నారు. మళ్ళీ నాతో, "బాధితుడు దొరికాడా అని అడుగుతున్నాడు. త్వరగా చెప్పు, నర్సు తిడుతోంది. రిపోర్టులో ఎక్కించావా లేదా అంటున్నాడు."

"ఒక్క నిమిషం ఆగమనండి."

నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకున్నాను. కొట్టేయని ఆ ముక్క అలాగే ఉంది. దాని కింద రాశాను:

"బాధితుడు దొరికాడు. ఎడమకాలికి చెప్పు లేదు. వాళ్ళవాళ్ళు పొద్దున్నించీ వెతికారు. ఇది అనుకున్నది కాదు, చూసింది."

"దొరికాడని చెప్పండి," అన్నాను. "ఎక్కించానని కూడా."

సందు చివర కానిస్టేబులమ్మాయి జీపు దిగి ఇటే వస్తోంది, నన్ను తీసుకెళ్ళడానికి. ఇటుకల దగ్గర కాలెత్తింది.

"ఆగు," అన్నాను. "గోడ వారనే రా. మధ్యలో తొక్కకు."